పంటి బిగువున ఎంతసేపు?

"బాధనంతా పంటి బిగువున భరించింది" అని మన కథల్లో ఆడవాళ్ళ గురించి తెగ రాస్తారు. రాసినవాళ్ళెవరికీ పిప్పి పన్ను ఉండి ఉండదని నా అనుమానం. నొప్పి పంటిదే అయినప్పుడు ఇక బిగించేది దేన్ని?

రెండేళ్ళ కిందట, మే నెల. పండగ కాదు, ఆదివారం కాదు, మామూలు మంగళవారం రాత్రి. విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇల్లు. పదకొండింటికి పడుకుని పన్నెండింటికి లేచి కూర్చున్నాను. కింద వరసలో కుడివైపు దవడ పన్ను. మూడు నెలలుగా తీపి తగిలితే జివ్వుమంటోంది, కాఫీ తగిలితే కాసేపు సలిపి ఊరుకుంటోంది. నేను ఎడమవైపు నమలడం అలవాటు చేసుకున్నాను, అదే వైద్యం అయినట్టు. మార్చి నెలాఖరు లెక్కలు అయ్యాక చూపించుకుందామనుకున్నా. తర్వాత పిల్ల పరీక్షలు అయ్యాక అనుకున్నా. చిట్‌ఫండ్ ఆఫీసులో ఎకౌంట్లు చూసేదాన్ని, వాయిదా మీద వాయిదా పడితే ఏమవుతుందో నాకంటే తెలిసినవాళ్ళు ఎవరుంటారు?

మొదట లవంగం పెట్టాను. తర్వాత డోలో వేసుకున్నాను. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. ఏదీ లొంగలేదు. ఫ్రిజ్‌లోంచి సీసా తీసి నాలుగు గుక్కలు తాగబోతుంటే తెలిసింది, చల్లనీళ్ళు ఆ పన్ను మీద నిలబడినంతసేపు నొప్పి మాయం. నిమిషం, నిమిషంన్నర. నోటి వేడికి నీళ్ళు వెచ్చబడగానే మళ్ళీ చెవిదాకా పోటు. మళ్ళీ గుక్కెడు. అలా వంటింటి గడప మీద కూర్చుని లీటరు సీసా ఖాళీ చేశాను. మింగడానికి ఓపిక లేక సగం సింకులో ఉమ్మాను. ఒంటిగంటన్నరకు మా ఆయన లేచి చూసి, ఏమీ అడగకుండా స్కూటర్ తాళాలు తీశారు. వెనక కూర్చుని నేను, చేతిలో రెండో సీసా.

సూర్యారావుపేటలో పగటిపూట నిలబడితే డాక్టర్ల బోర్డులు తప్ప గోడ కనపడదు. గుండె, కిడ్నీలు, ఎముకలు, పిల్లలు, చర్మం, మధ్యమధ్యలో ప్రతి సందులోనూ నవ్వుతున్న పళ్ళ బొమ్మ ఒకటి. అర్ధరాత్రి కూడా ఆ బొమ్మలు మూసిన షట్టర్ల పైన నవ్వుతూనే ఉన్నాయి. బోర్డుల మీద నంబర్లు చూసి ఆరు క్లినిక్‌లకు ఫోన్ చేశాం. నాలుగు స్విచాఫ్. ఒకటి మోగి మోగి ఆగింది. ఒకటి ఎత్తారు. "ఆ క్లినిక్ ఎత్తేసి మూడేళ్ళయిందమ్మా, నేను బిల్డింగు ఓనర్ని" అన్నాడాయన నిద్రమత్తులో. ఆయన్ని అని ఏం లాభం, బోర్డు తీయించకపోవడం ఒక్కటే ఆయన తప్పు.

చివరికి ఒక పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళాం. పేరు ఎందుకులెండి. బీపీ చూశారు, షుగర్ చూశారు, ఈసీజీ తీశారు. డ్యూటీ డాక్టరు పిల్లాడు, పాతికేళ్ళుంటాయేమో, మర్యాదగానే మాట్లాడాడు. నోట్లోకి మాత్రం సెల్‌ఫోన్ లైటు కూడా వేసి చూడలేదు. "పన్ను మా సబ్జెక్టు కాదు మేడం, నొప్పి ఇంజెక్షన్ ఇస్తాను, పొద్దున డెంటల్‌కి వెళ్ళండి." తుంటికి సూది. బిల్లు. ఇంటికొచ్చేసరికి మూడున్నర. సూది పనిచేసిందో లేదో తెలియదు, సీసా మాత్రం వదల్లేదు.

ఈసీజీ తీయడం గురించి ఒక మాట. అప్పుడు నాకు ఒళ్ళు మండింది గానీ, అది దండగ కాదని తర్వాత తెలిసింది. గుండెనొప్పి కొందరిలో దవడకే వస్తుంది. నడిస్తే ఎక్కువై, కూర్చుంటే తగ్గి, చెమటలు పట్టి, ఆయాసం వచ్చే దవడ నొప్పికి పళ్ళ డాక్టరుతో పనిలేదు, 108కి ఫోన్ చేయాలి. కాబట్టి ఆ కుర్రాడిది తప్పనను. గుండె కాదని తేలాక ఆయన దగ్గర ఇక చేయడానికేమీ లేకపోవడమే నా ఫిర్యాదు.

పొద్దున తొమ్మిదింటికి మాకు తెలిసిన పళ్ళ డాక్టరమ్మ క్లినిక్ ముందు కూర్చున్నాను. రిసెప్షన్ అమ్మాయి "అపాయింట్‌మెంట్ ఉందా? లేకపోతే పదకొండున్నర అవుతుంది" అంది. ఆ అమ్మాయి వెనకాల లోపలికి వెళుతున్న డాక్టరమ్మ నా చేతిలో సీసా చూసి ఆగిపోయింది. "చల్లనీళ్ళు పోసుకుంటే తగ్గుతోందా?" తలూపాను. "ఈమెని ముందు పంపించు" అంది. నోరు తెరిపించి చూడకముందే, ఎక్స్‌రే తీయకముందే, ఒక్క సీసా చూసి ఆవిడకి అంతా తెలిసిపోయింది. పన్ను లోపలి నరం చచ్చే దశకు వస్తే వేడికి నొప్పి, చల్లదనానికి ఉపశమనం అట. మత్తు సూది వేసి, పదినిమిషాలు ఆగి, పన్ను పైనుంచి చిన్న రంధ్రం చేసింది. ఏదో కారినట్టు నోట్లో చెడ్డ రుచి, వెనకే గది అంతా లవంగ నూనె వాసన. లేచి కూర్చుంటే నొప్పి లేదు. తొమ్మిది గంటల నరకం ఇరవై నిమిషాల్లో తేలిపోయింది.

నేను ఆ కుర్చీలోనే ఏడ్చాను. నొప్పి పోయినందుకు కాదు, కోపంతో. ఇంత చిన్న పనికి ఊరు ఊరంతా తిరిగామా అని.

డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. ఒంట్లో ఎక్కడ వాచినా చర్మం సాగుతుంది. పన్ను లోపల నరమూ రక్తనాళాలూ ఉన్నచోట చుట్టూ రాయిలాంటి గోడలు. వాపు వస్తే పోవడానికి చోటు ఉండదు. పడుకుంటే తలకు రక్తం ఎక్కువ చేరుతుంది, లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పన్ను నొప్పికీ రాత్రికీ ఉన్న సంబంధం అది. నొప్పి రాత్రే ముదురుతుంది, క్లినిక్ రాత్రే మూసేస్తారు. దీన్ని కాకతాళీయం అనుకుని సర్దుకుపోవడానికి నాకు మనసొప్పడం లేదు. రాత్రికే వచ్చే జబ్బుకు పగలే దొరికే వైద్యం పెట్టుకున్నాం మనం.

అసలు పన్నుని ఒంట్లో భాగం అనుకోకపోవడంలోనే ఉంది తంటా. కడుపునొప్పి అంటే ఇంటిల్లిపాదీ లేస్తారు, పన్ను నొప్పి అంటే ఒకరు నవ్వుతారు, ఇంకొకరు "చాక్లెట్లు తిన్నావా" అంటారు. ఆఫీసులో జ్వరం అని చెప్తే సెలవు, పన్ను అని చెప్తే "పన్నుకి కూడా సెలవేనా అండీ". చదువుల్లోనూ అంతే, ఎంబీబీఎస్ ఒక దారి, బీడీఎస్ ఇంకో దారి. ఇన్సూరెన్సు వాళ్ళ లెక్కలోనూ మామూలు ఆరోగ్య పాలసీల్లో చాలావాటికి పన్ను అంటే ప్రమాదంలో దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరితేనే. రూట్ కెనాల్ కావాలంటే సొంత జేబే. ఇలా ప్రతిచోటా పన్నుని విడిగా కట్టేసి పక్కన పెట్టాక, క్యాజువాలిటీలో దానికో మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు?

వైద్యం దొరకని ఆ ఖాళీని నింపేది వీధి చివరి మెడికల్ షాపు. మా పేటలోనే కాదు, ఎక్కడికి వెళ్ళినా "పన్ను నొప్పికి సెట్టు ఇవ్వండి" అంటే ఇచ్చేస్తారు. నొప్పి బిళ్ళ ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి, గ్యాసు బిళ్ళ ఒకటి, కాగితంలో మడిచి, పూటకొకటి చొప్పున మూడు పూటలకి. ఆ మూడు నెలల్లో నేను మూడు సెట్లు వాడాను. ప్రతిసారీ తగ్గింది. తగ్గింది కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఇప్పుడు తెలుస్తోంది, తగ్గింది నొప్పి బిళ్ళతో. యాంటీబయాటిక్ ఆ పన్నుకు చేసింది సున్నా. నరం వాచిన పన్నులోకి మందు వెళ్ళి చేసేదేమీ లేదు, తలుపు తీసి లోపల శుభ్రం చేయాల్సిందే. డెంటిస్టు దొరికేచోట మామూలు పన్ను నొప్పికి యాంటీబయాటిక్ వద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో డాక్టర్లకే రాసిచ్చింది. జ్వరం, ముఖం వాపు, ఒళ్ళు నలతగా ఉండటం లాంటివి వస్తే అది వేరే సంగతి. మనం మాత్రం మూడు పూటలు మింగి, నాలుగో పూట మానేసి, మిగిలిన బిళ్ళ దేవుడి గూట్లో పెట్టుకుంటాం, మళ్ళీ వస్తే వేసుకోవడానికి.

(లవంగాన్ని నేను తక్కువ చేయను. అందులోని యూజినాల్ నిజంగానే కాసేపు మొద్దుబారుస్తుంది, క్లినిక్‌లో ఆ వాసన అందుకే. ఆస్ప్రిన్ బిళ్ళని పన్ను పక్కన చిగురు మీద నొక్కిపెట్టుకునేవాళ్ళకు మాత్రం దండం. బిళ్ళ పనిచేసేది కడుపులోకి వెళ్ళాక, చిగురు మీద పెడితే కాలి తెల్లగా ఊడి వస్తుంది. జిల్లేడు పాలు సంగతి చెప్పనే అక్కర్లేదు.)

నాకు జరిగిందానికి నష్టం ఒక రాత్రి నిద్ర. ఒక క్యాపు ఖర్చు. అంతటితో పోతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. మా మేనల్లుడి సంగతి వేరు.

అన్నయ్యవాళ్ళు గుంటూరులో, కొరిటెపాడు వైపు ఉంటారు. పోయినేడాది ఒక ఆదివారం సాయంత్రం అపార్ట్‌మెంటు కింద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. కార్క్ బాలు. వీడు వికెట్ల వెనక. బంతి లేచి నేరుగా నోటికి తగిలింది. పై వరసలో ముందు పన్ను వేరుతో సహా ఊడి సెల్లార్ నేల మీద పడింది. పన్నెండేళ్ళవాడు, వచ్చింది శాశ్వత పన్ను. సమయం ఐదూ నలభై. వదినకు ఆ సమయం ఎలా గుర్తుందంటే, సరిగ్గా అప్పుడే పాల పాకెట్ కత్తిరించి గిన్నెలో పోస్తోందట కాఫీకి.

ఆ పాలగిన్నె మాట గుర్తుపెట్టుకోండి.

వాచ్‌మన్ పన్ను ఏరి తెచ్చాడు. మట్టి అంటుకుని ఉంది. మా అమ్మ ఆ నెల అక్కడే ఉంది. మనవడి పన్ను, మట్టిలో పడ్డ పన్ను. పంపు కింద పట్టుకుని, పాత బ్రష్షు తీసుకుని, వేరు చుట్టూ శుభ్రంగా తోమింది. ముత్యంలా మెరిసేదాకా తోమింది. తుడిచి, పొడి దూదిలో చుట్టి, అన్నయ్య చొక్కా జేబులో పెట్టింది. అంతకంటే ప్రేమగా ఎవరూ చేయలేరు. అంతకంటే చెడ్డపని కూడా ఎవరూ చేయలేరు. ఆ వేరు మీద కంటికి కనపడని పలచని పొర ఉంటుంది, పన్నుని ఎముకకు పట్టి ఉంచే పోగులవి, బతికున్న కణాలు. బ్రష్షుతో అవి పోయాయి. మిగిలినవి దూదిలో ఎండిపోయాయి.

మనవాళ్ళకి ఇది తెలియకపోవడానికి కారణం ఉందనుకుంటా. పాలపన్ను ఊడితే పేడలో పెట్టి ఇంటి మీదకు విసిరే అలవాటు మనది. ఊడిన పన్ను పోయిన పన్నే, కొత్తది మొలుస్తుంది, ఇదీ మనకు తెలిసిన పన్ను శాస్త్రం. ఊడిన పన్నుని మళ్ళీ అదే గుంటలో పెట్టొచ్చు అనే ఊహే రాదు. నాకూ రాలేదు, ఫోన్ వచ్చినప్పుడు నేను అడిగింది "రక్తం ఆగిందా" అనే.

నిజానికి చేయాల్సింది ఇంతే. పన్నుని పైభాగం, అంటే నవ్వితే కనపడే భాగం పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు. మట్టి ఉంటే పాలతోనో సెలైన్‌తోనో మెల్లగా ఒకసారి కడగాలి, రుద్దకూడదు. అక్కడికక్కడే గుంటలో సరిగ్గా కూర్చోబెట్టి, శుభ్రమైన చేతిరుమాలు కొరికి పట్టుకోమనాలి. ధైర్యం చాలకపోతే పన్నుని గ్లాసుడు చల్లని పాలలో వేసి పరిగెత్తాలి. మంచినీళ్ళలో వేయకూడదు, ఎండనివ్వకూడదు. పాలపన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు, లోపల వస్తున్న పన్ను దెబ్బతింటుంది. దంత గాయాల వైద్యుల అంతర్జాతీయ సంఘం 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ఉన్నదిదే. పొడిగా బయట ఉన్న సమయం గంట దాటితే ఆ పోగుల మీద ఆశ వదులుకోవాల్సిందే. అరగంటలోపు అయితే ఇంకా మంచిది. పాలు ఎందుకంటే అందులో ఆ కణాలు కొన్ని గంటలు బతికుంటాయి, పైగా ఏ ఇంట్లోనైనా ఏ వేళకైనా దొరుకుతాయి. ఐదూ నలభైకి మా వదిన చేతిలో ఉన్నది అరలీటరు సంగం పాల పాకెట్.

పన్ను జేబులో పెట్టుకుని అన్నయ్య బండి తీశాడు. బ్రాడీపేట, అరండల్‌పేట, కొత్తపేట. గుంటూరులో డాక్టర్ల కోసం జిల్లా జిల్లాలే వస్తాయి, కొత్తపేటలో ఆసుపత్రి లేని సందు వెతకాలి. ఆదివారం సాయంత్రం కదా, నాలుగు క్లినిక్‌లు మూసి ఉన్నాయి. ఒకచోట తెరిచి ఉంటే లోపల అసిస్టెంటు ఒక్కతే ఉంది, "సారు ఊళ్ళో లేరు, రేపు రండి, పన్ను జాగ్రత్తగా పెట్టుకోండి" అంది. దేంట్లో పెట్టుకోవాలో చెప్పలేదు, అన్నయ్య అడగలేదు. ఒక ఆసుపత్రిలో పెదవికి రెండు కుట్లు వేసి, టీటీ ఇచ్చి, "పళ్ళ డాక్టరు కాల్ మీద వస్తారు, కానీ ఆదివారం ఎత్తరు" అన్నారు. అప్పటికి ఏడు. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. "బెజవాడలో ఎవరైనా ఉన్నారా?"

నేను డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తింది. ఇది నా అదృష్టం, వ్యవస్థ కాదు. నా దగ్గర ఆవిడ సొంత నంబరు ఉంది, అంతే తేడా. "పన్ను దేంట్లో ఉంది?" అదే ఆవిడ మొదటి మాట. చెప్పాను. అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం. "దారిలో ఎక్కడైనా పాల పాకెట్ కొని అందులో వేయమనండి. నేను క్లినిక్ తెరుస్తాను."

గుంటూరు నుంచి ఇక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్లు. మంగళగిరి దగ్గర ట్రాఫిక్, వారధి మీద ట్రాఫిక్. వాళ్ళు కుర్చీ దగ్గరికి చేరేసరికి ఎనిమిదీ ఇరవై. రెండు గంటల నలభై నిమిషాలు. ఆవిడ ఆశ పెట్టకుండానే పని చేసింది. పన్నుని గుంటలో పెట్టి, పక్క పళ్ళకు సన్నటి తీగతో కట్టింది. తర్వాత రూట్ కెనాల్. "ఇది ఎముకకు అతుక్కుంటుంది, కానీ ఎముక దీన్ని మెల్లమెల్లగా తినేస్తుంది. ఎన్నేళ్ళు అని చెప్పలేను. వాడు ఎదిగేదాకా చోటు కాపాడినా చాలు" అంది. వాడు "అంటే ఇది నాదేనా కాదా అత్తా" అని కారులో అడిగాడు. నేనేం చెప్పను?

మా అమ్మకి ఈ బ్రష్షు సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దని అనుకున్నాం. ఆవిడకి ఫోన్‌లో చదవడం రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మూడోది క్లుప్తంగా చెప్పేస్తాను, నాకు దాని గురించి ఎక్కువసేపు తలచుకోవడం ఇష్టం లేదు. మా ఆఫీసు అటెండరు, యాభై దాటినాయన, షుగరుంది. కింది దవడ పన్ను నొప్పి, సెట్టు, తగ్గింది. మళ్ళీ నొప్పి, సెట్టు. నాలుగోరోజు చెంప వాచింది. క్లినిక్‌కి వెళితే "వాపు ఉండగా పన్ను ముట్టుకోకూడదు, తగ్గాక రండి" అని మందులు రాసి పంపారు. ఇంట్లోవాళ్ళు ఉప్పు మూటతో కాపడం పెట్టారు. మర్నాటికి వాపు గడ్డం కిందకు దిగి రెండువైపులా గట్టిగా చెక్కలా అయింది. మాట ముద్దగా వస్తోంది, సొల్లు మింగలేకపోతున్నాడు, పడుకుంటే ఊపిరి ఆడక కూర్చునే ఉన్నాడు. దాని పేరు లుడ్విగ్స్ యాంజైనా. 1836లోనే జర్మన్ డాక్టరు లుడ్విగ్ వర్ణించి పెట్టాడు. చీము నాలుక కింద, గడ్డం కింద పాకి, నాలుకను పైకి ఎత్తేసి ఊపిరి దారి మూసేస్తుంది. గడ్డం కింద కోసి చీము తీసి, మా అటెండరుని బతికించారు. ఆయన మెడ మీద గాటు ఇప్పటికీ ఉంది. చొక్కా పై బొత్తాం పెట్టుకుంటాడు, ఎండాకాలంలో కూడా.

"వాపు తగ్గాకే పన్ను" అనే మాట మనకు వేదవాక్కు. చీమున్న చోట మత్తు సరిగా ఎక్కదన్న మాటలో కొంత నిజముంది, దూరం నుంచి నరానికి మత్తు ఇచ్చే పద్ధతులు అందుకే ఉన్నాయి. కానీ చీము పట్టిన ఇంటికి తలుపు తీయకుండా మందుతో మాత్రమే కాపలా కాస్తే ఏమవుతుందో మా అటెండరు మెడ చెబుతుంది. మింగలేకపోవడం, నోరు తెరుచుకోకపోవడం, మాట మారడం, వాపు గడ్డం కిందకో కంటి వైపుకో పాకడం, ఇవి కనపడితే ఏ క్లినిక్ తెరిచి ఉందా అని వెతకొద్దు. ఊపిరి గొట్టం వేయగలిగిన పెద్దాసుపత్రికే పోవాలి. కాపడం అసలు పెట్టొద్దు.

ఈ మూడింటిలో నాకు కనపడిన తప్పు ఒక్కటే. అందరూ నొప్పిని చూశారు, గడియారాన్ని ఎవరూ చూడలేదు. మెడికల్ షాపు నొప్పి తగ్గించింది, క్యాజువాలిటీ నొప్పి తగ్గించింది, గుంటూరులో కుట్లు వేసి రక్తం ఆపారు. ఎవరి పని వాళ్ళు చేశామనే అనుకున్నారు. మధ్యలో పోయింది సమయం. పన్ను నొప్పిలో నొప్పి కంటే విలువైనది అదే. నొప్పికి బిళ్ళ ఉంది, పోయిన రెండు గంటలకి లేదు.

డాక్టరమ్మతో ఇదే వాదించాను. మీరంతా రాత్రి ఎందుకు తెరవరని. ఆవిడ నవ్వలేదు. "నేను ఒక ఏడాది పదకొండింటిదాకా తెరిచాను. ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది వచ్చేలోపే బిళ్ళ వేసుకుని నిద్రపోయేవారు, నేను కూర్చునేదాన్ని. ఒకసారి ముగ్గురు మగాళ్ళు తాగి వచ్చారు, నేనూ అసిస్టెంటు పిల్లా ఇద్దరమే. మర్నాడే బోర్డు తీసేశాను" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. గుండె డాక్టరుకు వెనక ఒక ఆసుపత్రి ఉంటుంది, గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు. పళ్ళ డాక్టరుకి ఉన్నది ఒక గది, ఒక కుర్చీ, ఒక అమ్మాయి. ఒక్కొక్కరినీ రాత్రంతా తెరవమనడం అన్యాయమే.

కానీ ఒక్కొక్కరు తెరవక్కర్లేదు కదా. ఒక్క సూర్యారావుపేట, గవర్నర్‌పేట క్లినిక్‌లే వంతులు వేసుకుంటే ఒకరికి నెలకొక రాత్రి కూడా రాకపోవచ్చు. ఆ రాత్రి ఎవరి వంతో, నంబరుతో సహా ప్రతి షట్టర్ మీదా ఒక కాగితం. సొంత క్లినిక్‌లో కూర్చోవడం భయమైతే ఏదైనా పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో ఒక డెంటల్ కుర్చీ వేయించి అక్కడే వంతు చేయొచ్చు. ఈసీజీకి డబ్బు తీసుకున్నవాళ్ళు కుర్చీకి చోటు ఇవ్వలేరా? మన ఊరికి ఇంకో సౌకర్యం ఉంది. రాష్ట్రంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు రెండే, ఒకటి కడపలో, ఒకటి మన విజయవాడలో. గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులో ప్రైవేటు డెంటల్ కాలేజీ ఉంది. హెల్త్ యూనివర్సిటీయే ఇక్కడుంది. ఇంతమంది చదువుకునే పిల్లలు, పీజీలు ఉన్నచోట, అర్ధరాత్రి పన్ను చేత్తో పట్టుకొచ్చినవాడు ఏ తలుపు తట్టాలో రిక్షా నుంచి ఆటో దాకా ఊళ్ళో ప్రతివాడికీ తెలిసి ఉండాలి. ప్రసవం నొప్పులకు ఎక్కడికెళ్ళాలో తెలుసు కదా, అలా.

ఇవన్నీ ఎప్పటికవుతాయో గానీ, దీనికంటే చవకది ఒకటుంది, డబ్బే అక్కర్లేదు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయిలకి మూడు ప్రశ్నలు నేర్పండి. పన్ను ఊడిందా, దేంట్లో పెట్టారు? వాపు ఉందా, మింగగలుగుతున్నారా? రాత్రి నిద్రపోయారా? ఈ మూడింటిలో దేనికి తేడా జవాబు వచ్చినా టోకెను పక్కన పెట్టి లోపలికి పంపాలి. నన్ను ఆ రోజు ఆ అమ్మాయి అడిగింది ఒకటే, అపాయింట్‌మెంట్ ఉందా అని. డాక్టరమ్మ ఆ నిమిషంలో అటు రాకపోతే రెండున్నర గంటలు కూర్చునేదాన్ని, నా సీసా పట్టుకుని.

నా వంతుగా చేసింది చాలా చిన్నది. మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒక కాగితం అంటించాను. అక్కడ అప్పటికే గ్యాసు బండ నంబరు, వాటర్ ట్యాంకరు నంబరు, కరెంటాయన నంబరు ఉన్నాయి. వాటి కింద, డాక్టరమ్మ అనుమతి తీసుకుని, ఆవిడ నంబరు, ఇంకో ఇద్దరివి. పక్కన పెద్ద అక్షరాలతో: "పన్ను ఊడితే రుద్దొద్దు, తోమొద్దు. పాలలో వేసి తీసుకురండి."

మూడోరోజు చూస్తే కింద ఎవరో పెన్సిలుతో రాశారు: "ఏ పాలు? గేదెవా, పాకెట్టా?"

నేను పెన్ను తీసి, "ఏవైనా. కాచనక్కర్లేదు" అని రాశాను.